తెర లోపలి గులాబీ చుక్క

"నీ కెమెరా కింద పడిందే" అన్నాడు మా ఆయన లింబర్, పక్కింటి కోడి గుడ్డు పెట్టిందని చెప్పినంత తేలిగ్గా.

మా ఇంట్లో నా వస్తువులు వాటంతటవే పడిపోతుంటాయి. లింబర్ మినీబస్సు తలుపు మీద గీత పడితే ఎవడు గీశాడు, ఎప్పుడు గీశాడు అని వీధి చివరిదాకా విచారణ జరుగుతుంది. మా అత్తగారి పింగాణీ పళ్లెం పగిలితే కోడలు ఫెలీసా పగలగొట్టిందని ఏడాది పొడుగునా ఇంటికొచ్చిన వాళ్లందరికీ తెలుస్తుంది. నా కత్తెర కనబడకపోతే మాత్రం అది పోయింది. నా గొడుగు విరిగితే అది విరిగింది. పద్నాలుగేళ్ల కింద నా పెళ్లైనప్పటి నుంచీ ఇదే వరస. నా వస్తువులకి కాళ్లూ చేతులూ ఉన్నాయి కాబోలు, వాటి చావు అవే చస్తాయి.

ఆ రోజు కార్నివాల్ పండగ, మంగళవారం. కొండ మీది మా ఊరు ఎల్ ఆల్తోలో ఆ రోజు ఇంటిల్లిపాదికీ కూడు పెట్టే ప్రతి వస్తువుకీ కాగితపు తోరణాలు చుట్టి, పూరేకులూ రంగు కాగితపు ముక్కలూ జల్లి, బీరు పోసి, భూమితల్లి పచమామాకి దక్కాల్సిన వాటా దక్కిస్తారు. లింబర్ మినీబస్సుకి మొదటి మర్యాద. తర్వాత సంతలో బంగాళాదుంపలు అమ్మే మా అత్తగారి తక్కెడకి. తర్వాత గడపకి, పొయ్యికి, ఫ్రిజ్‌కి, టీవీకి. పూలు తెచ్చి రేకులు తుంచేది నేను. బీరు సీసాలు మోసుకొచ్చేది నేను. మాంసం, క్యాబేజీ, పీచ్ పళ్లు వేసి పెద్ద గంజులో పుచేరో పులుసు వండేది నేను. చల్లేటప్పుడు మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, గ్లాసులు ఖాళీ అయ్యాయా లేదా అని చూస్తుంటాను. నా కెమెరా నా ఏప్రన్ జేబులోనే ఉంటుంది. ఏటా ఎవరూ చూడకుండా, అడుగంటిన బీరులో వేలు ముంచి దానికి తడి రాసేదాన్ని నేనే.

ఈ ఏడు ఎందుకో ఆ దొంగతనం మీద విసుగొచ్చింది. జేబులోంచి తీసి లింబర్ చేతిలో పెట్టాను. "దీని మీద కూడా చల్లు" అన్నాను.

మా మరిది గ్రోవెర్ పగలబడి నవ్వాడు. "వదినా, ఫ్రిజ్ మీద చల్లాం, టీవీ మీద చల్లాం, ఇంక నీ ఆటబొమ్మ ఒక్కటే బాకీ."

"నవ్వకురా. ఇదీ మనకి కూడు పెడుతోందట" అన్నాడు లింబర్. అయినా తీసుకున్నాడు. మినీబస్సు ముందు బంపర్ మీద పూల మధ్య పెట్టాడు, దాని మెడకి పసుపు తోరణం ఒకటి చుట్టాడు, గుప్పెడు రంగు కాగితాలు పోశాడు, రెండు చుక్కలు బీరు కూడా చల్లాడు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్లు చెమర్చాయి. ఇంతమంది ఎదురుగా, బస్సుతో సమానంగా, నా కెమెరా. ఇంతలో "ఏమే, పులుసు మాడుతోంది" అని అత్త కేకేసింది. లోపలికి పరిగెత్తాను. నేను గరిటె తిప్పుతుండగా బయట టపాకాయలు పేలాయి. అందరూ బస్సెక్కి, హారన్ కొట్టుకుంటూ వీధి చుట్టూ ఒక తిప్పు తిరిగి వచ్చారు. బంపర్ మీద ఏముందో ఎవరికీ గుర్తు లేదు.

లింబర్ తీసుకొచ్చి ఇచ్చినప్పుడు దాని నుంచి బీరు వాసన వచ్చింది. వెనక తెర మీద సిరా ఒలికినట్టు నల్లటి మరక, చుట్టూ సాలెగూడులా పగుళ్లు. బటన్ నొక్కితే కెమెరా టక్కుమంది. దాని కన్ను బాగానే ఉంది, నేను చూసే వైపే చీకటైంది.

"పచమామా అడిగింది, తీసుకుంది. మంచిదేలే వదినా" అన్నాడు గ్రోవెర్. "కొత్తది కొనిపెడతాలే" అన్నాడు లింబర్. ఆ మాట నాకు బాగా పరిచయం. అది మా ఇంట్లో వాషింగ్ మెషీన్‌తో, నా కళ్లజోడుతో, వంటింటి కిటికీ అద్దంతో పాటు చాలాకాలంగా కాపురం చేస్తోంది. బంపర్ మీద పెట్టింది ఎవరని ఎవరూ అడగలేదు. నేను అడుగుదామనుకున్నాను. అందరూ పళ్లేలు చాచారు, వడ్డించాను.

ఆ కెమెరా అరచేతిలో పట్టేంత చిన్నది. మా పేటలో బాప్తిస్మాలకి, బడి చివరిరోజు వేడుకలకి, చంటిపిల్లల మొదటి జుట్టు కత్తిరింపులకి నన్నే పిలుస్తారు. ఫోటోలు తీసి, కింద లా పాస్ నగరం దాకా వెళ్లి ప్రింట్లు వేయించి, ఇంటింటికీ తిరిగి ఇస్తాను. మా ఇంట్లో గ్యాస్ బండ ఆ డబ్బుతోనే వస్తుంది, పిల్లల బడి బూట్లు ఆ డబ్బుతోనే వస్తాయి. కానీ మా అత్త ఎవరితోనైనా చెప్పేటప్పుడు "మా కోడలు ఊరికే ఇంట్లోనే ఉంటుంది" అంటుంది. లింబర్‌కి ఫోన్ చేస్తే "పనిలో ఉన్నా" అని ఠక్కున పెట్టేస్తాడు. నేను ఫోటోలు తీస్తుండగా అతను ఫోన్ చేస్తే "ఎక్కడ తిరుగుతున్నావ్?" అంటాడు. పని అనే మాట మా ఇంట్లో అతని టోపీ లాంటిది, ఇంకొకరు పెట్టుకోరు.

ఆ ఆదివారం మా వెనకవీధి జెనోబియా కూతురికి మొదటి జుట్టు కత్తిరింపు. పుట్టినప్పటినుంచీ కత్తెర తగలని జుట్టు. బంధువులు ఒక్కొక్కరే వచ్చి ఒక్కో పాయ కత్తిరించి, పళ్లెంలో డబ్బు పెట్టి దీవిస్తారు. ప్రతివాళ్లనీ కత్తెర జుట్టులో ఉండగా పట్టాలి. ఒక్కరిది తప్పినా, మేమిచ్చింది లెక్కలోకి రాలేదని ఏళ్ల తరబడి మూతి ముడుచుకుంటారు. జెనోబియా నాకు కార్నివాల్‌కి ఎంతో ముందే చెప్పింది. కొత్తవాళ్లని చూస్తే ఆ పిల్ల బల్ల కింద దూరుతుంది, నా దగ్గరికైతే వస్తుంది. ఈ కెమెరాకి కన్ను పెట్టి చూసే గాజు రంధ్రం లేదు, ఉన్నదల్లా వెనక తెరే. అది లేకుండా పిల్లని పట్టాలంటే కళ్లకి గంతలు కట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే. ఈ ఒక్కసారి వేరేవాళ్లు తీశారంటే మా పేట నన్ను మర్చిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

బుధవారం కెమెరాలు బాగుచేసే కొట్టుకి తీసుకెళ్లాను. కొట్టతను దాన్ని తిప్పి చూసి, పెదవి విరిచి, "దండగ సెనోరా. మీ ఆయన్ని పంపండి, ఆయనకి వివరంగా చెప్తాను" అన్నాడు.

"కెమెరా నాది" అన్నాను.

"అవును, మీదే. మీ ఆయన్ని పంపండి."

అక్కణ్నుంచి ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆ మనిషికి చెప్పాల్సిన జవాబులు తయారు చేసుకున్నాను. ఒక్కోటి ఒక్కో బాణం. కొట్టులో నిలబడ్డప్పుడు ఒక్కటీ తట్టదు, అదేం ఖర్మో. పెళ్లికి ముందు నేను నగలు ఎగుమతి చేసే కర్మాగారంలో పనిచేశాను. వెంట్రుకంత సన్నటి గొలుసులకి కొక్కేలు అతికేదాన్ని. మా సూపర్‌వైజరు నా చేతులు చూసి ఈ పిల్ల వేళ్లకి కళ్లున్నాయి అనేది. పెళ్లయ్యాక "మా ఇంటి కోడలికి కర్మాగారంలో పనేంటి" అన్నారు. ఆ వేళ్లు అప్పట్నుంచీ బంగాళాదుంపల తొక్కు తీస్తున్నాయి. కర్మాగారం నుంచి తెచ్చుకున్న సన్నటి పట్టకారు మాత్రం కుట్టుపెట్టెలో దాచుకున్నాను, ఎందుకో తెలియకుండానే.

గురువారం సంతకి వెళ్లాను. ఎల్ ఆల్తో సంతలో దొరకనిది లేదంటారు, వెతికే ఓపిక ఉండాలి. ఒక పెద్దావిడ నేలమీద గుడ్డ పరిచి చచ్చిన కెమెరాలు, చార్జర్లు, బొమ్మల తలలు పోసుకుని కూర్చుంది. ఆ కుప్ప ముందు మట్టిలో చతికిలబడి ఒక్కోటీ తిరగేశాను. నడుం పట్టేసింది. చివరికి నా కెమెరా కవలపిల్లే కనిపించింది. లెన్సు సగం బయటికొచ్చి ఇరుక్కుపోయి ఉంది.

"దాని నోరు మూతపడదు కసేరీతా, మొహం మాత్రం బానే ఉంది. తీసుకెళ్లు" అంది ఆవిడ, వాడుక గిరాకీని పిలిచినట్టు ముద్దుగా. ఏం చేసుకుంటావని అడగలేదు, మీ ఆయన్ని పంపమనలేదు. ఆ ఒక్కదానికే ఆవిడని కౌగిలించుకోవాలనిపించింది.

శుక్రవారం లింబర్ బస్సు తీసుకుని వెళ్లాక, పిల్లలిద్దరూ బడికెళ్లాక, కిటికీ దగ్గర బల్ల మీద తెల్లటి తుండు పరిచాను. ముందు ఆ చచ్చినదాన్ని విప్పాలి. కళ్లజోళ్ల స్క్రూడ్రైవర్‌తో పక్కలవీ అడుగువీ మరలు తీశాను. ఒక్కో మర ఒక్కో పొడుగు. ఏది ఎక్కడిదో తెలిసేలా గుడ్లపెట్టె గుంటల్లో వరసగా వేసుకున్నాను. వెనక డొప్ప అంచులోకి గోరు దూర్చి మెల్లగా విప్పుతున్నాను. సరిగ్గా అప్పుడే అత్త పెరట్లోంచి పిలిచింది.

"ఫెలీసా, పచ్చడి నూరావా?"

"వస్తున్నా అత్తా."

"వస్తున్నా అనేది పొద్దుట్నుంచీ వింటున్నా."

లేచాను. రుబ్బురాయి మీద లొకోటో మిరపకాయలు, టమాటాలు వేసి నూరాను. మా అత్తకి పచ్చడి గిన్నె బల్ల మీద లేకపోతే ముద్ద దిగదు. మిక్సీలో వేస్తే రుచి రాదంటుంది, నూరేది నా భుజం కాబట్టి. చేతులు సబ్బుతో కడిగి, నిమ్మచెక్కతో రుద్ది, మళ్లీ కడిగి వచ్చి కూర్చున్నాను. తెరని పట్టి ఉంచే రేకు లేపుతుండగా నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకున్నాను. కన్ను భగ్గుమంది. ఎంత కడిగినా గోళ్ల సందులో కారం ఉండనే ఉంది. ఒక కన్ను మూసుకుని, నీళ్లు కారుతుంటే ఇంకో కంటితో పని చేశాను. "ఏడుస్తున్నావా ఏంటి ఆ డొక్కు ముక్క కోసం?" అంది అత్త అటుగా వెళ్తూ. ఏడవటం లేదు, మీ పచ్చడి అన్నాను. ఆవిడకి వినబడలేదు.

అప్పుడే బొటనవేలు ఏదో రాగి తీగకి తగిలింది. ఫట్‌మని కొట్టింది. మోచేతిదాకా జివ్వుమంది. స్క్రూడ్రైవర్ ఎగిరి స్టవ్ కింద పడింది. ఫ్లాష్ వెలిగించే చోట కరెంటు దాచుకుని ఉంటుందని, బ్యాటరీ తీసేసినా చాలా రోజులు అందులోనే ఉంటుందని నాకు తెలుసు, కంటిమంటలో మర్చిపోయాను. చెయ్యి దులుపుకుంటూ నవ్వొచ్చింది. ఎప్పుడు చచ్చిందో, ఏ ఇంట్లో ఎవరు పారేశారో, లోపల ఇంకా ఇంత కోపం మిగిలి ఉంది దీనికి. ఎవరైనా సరైన చోట చెయ్యి పెడితే నేనూ ఇలాగే కొడతానేమో అనుకున్నాను. తర్వాత రబ్బరు చేతితొడుగులు, గిన్నెలు తోమేవి, వేసుకుని ఆ చోటు మీద టేపు అతికించి, తెర ఊడదీశాను. చీకటి పడకముందే బంగాళాదుంపల పులుసు పొయ్యెక్కాలి కాబట్టి ఆ రోజుకి అంతే.

శనివారం నా కెమెరా వంతు. లోపల తడి ఆరిపోయింది. పగిలిన తెర గుచ్చుకోకుండా తీశాను. దాని తోక లాంటి పల్చటి పట్టీ లోపల ఒక చిన్న నల్ల తలుపు కింద బిగించి ఉంటుంది, బియ్యపుగింజ కన్నా చిన్న తలుపు. అది విరిగితే ఇక అంతే సంగతులు. ఊపిరి బిగబట్టి గోటితో లేపాను. లేచింది. నా చేతులు నాకు గుర్తున్నాయని ఎంత సంతోషమేసిందో. కొత్త తెర పట్టీ పట్టకారుతో పట్టుకుని సందులోకి దూరుస్తున్నాను, సగం దూరింది.

"ఏంటిది, భోజనాల బల్లా, గ్యారేజా?" లింబర్. మధ్యాహ్నం ముందే వచ్చేశాడు. వచ్చీ రాగానే పళ్లెం పెట్టుకోవడానికి చోటు కోసం గుడ్లపెట్టె ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టాడు. పెట్టడం కాదు, బోర్లించాడు. మరలన్నీ కలిసిపోయి గట్టు మీద పడ్డాయి.

"లింబర్, అవి వరసలో ఉన్నాయి."

"ఏవీ? ఈ మేకులా? అన్నీ ఒకేలా ఉన్నాయి కదా."

అన్నీ ఒకేలా ఉన్నాయి. అతనికి తన బస్సు ఇంజన్ చప్పుడులో పదిరకాలు వినిపిస్తాయి. నా మరలన్నీ ఒకటే. పళ్లెం పెట్టాను. పచ్చడి పెట్టాను. అతను తింటుండగా గట్టు మీద వంగి ఒక్కో మరా పక్కపక్కన నిలబెట్టి పొడుగులు చూసుకుంటున్నాను. అప్పుడొచ్చింది జెనోబియా, రేపటి విందుకి మా అత్త దగ్గర పెద్ద పళ్లేలు అడిగి తీసుకెళ్లడానికి. నన్నూ బల్లనీ చూసి తెల్లబోయింది.

"అక్కా, బాగుచేస్తున్నారా? మరి మీకు కుదరదన్నారుగా."

"ఎవరన్నారు?"

జెనోబియా లింబర్ వైపు చూసింది. లింబర్ పచ్చడి గిన్నె వైపు చూశాడు. "బుధవారం నాడే అన్న చెప్పాడక్కా, గ్రోవెర్ తన ఫోన్‌తో తీస్తాడని. అయ్యో, మీరే చెప్పమన్నారనుకున్నా."

బుధవారం. నేను ఆ కొట్టువాడి ముందు నిలబడ్డ రోజు. గురువారం నేను సంతలో మట్టిలో కూర్చుని చచ్చిన కెమెరాలు తిరగేస్తున్నప్పటికే నా పని ఇంకొకరికి ఇచ్చేశాడు. నిన్న రాత్రి కారం మంటతో నా కన్ను ఇంకా ఎర్రగా ఉంటే నా పక్కన కూర్చుని పులుసు తాగాడు, ఇంకొంచెం ఉప్పు వెయ్యాల్సింది అన్నాడు, ఇది మాత్రం అనలేదు. మోసపోవడం కన్నా, మోసం చెయ్యాల్సినంత విలువ కూడా లేదనిపించడం ఎక్కువ మండుతుందని అప్పుడు తెలిసింది. అతను దాచలేదు. చెప్పాల్సిన విషయంలా తోచలేదు, అంతే.

"నేనేం చెయ్యను?" అన్నాడు. "కెమెరా పడిపోయింది. ఆఖరి నిమిషంలో నువ్వు రాకపోతే పోయేది నీ పరువే. నీ పరువు కాపాడా. పైగా రేపు మనింటికి మా వాళ్లంతా వస్తున్నారు, కార్నివాల్‌ని సాగనంపే భోజనం. నువ్వు వీధిలో ఉంటే వండేదెవరు?"

"ఆ సంగతి ముందు చెప్పొచ్చుగా."

"ఏటా ఉండేదేగా. చెప్పేదేముంది?"

"నా పెళ్లైనప్పట్నుంచీ ఈ ఆదివారం నేను గడప దాటలేదు" అంది అత్త, జెనోబియాకి పళ్లేలు లెక్కపెట్టి ఇస్తూ. ఈ మాట ఆవిడ ఏటా అంటుంది, నేను ఏటా వింటాను, గొప్ప చెప్పుకుంటోంది అనుకుంటాను. ఈసారి చేతిలో మర పట్టుకుని వింటుంటే అది గొప్పలా వినబడలేదు.

"జెనోబియా, రేపు పొద్దున్నే వస్తా. పాపకి ఎర్రగౌను వెయ్యి, కెమెరాలో బాగుంటుంది" అన్నాను.

"దేంతో వస్తావ్? ఈ ముక్కలతోనా?" అన్నాడు లింబర్. జెనోబియా మా ఇద్దరి వైపూ చూసి, పళ్లేలు ఎత్తుకుని, "సరే అక్కా" అని జారుకుంది. అతను మూతి తుడుచుకుని బస్సు దగ్గరికి పోయాడు. నేను కూర్చున్నాను.

కోపం వస్తే నాకు చేతులు వణకవు. అది కర్మాగారంలో నేర్చుకున్నదే. పట్టీ సందులోకి పూర్తిగా దూర్చి నల్ల తలుపు మూశాను. వెనక డొప్ప మూసి ఒక మర తిప్పాను. సగంలో గట్టిగా తగిలింది. పొట్టి మర చోట పొడుగుది. బలవంతంగా తిప్పి ఉంటే లోపల తెరని పొడిచేది. వెనక్కి తీసి సరైనది వేశాను. బ్యాటరీ పెట్టాను. నొక్కాను. లెన్సు బయటికొచ్చింది, తెర నల్లగానే ఉంది.

కెమెరాని గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టినా ఏమవుతుంది, పడిందంటారు. ఏదో తోచక కిటికీ ఎండకి దాన్ని వంచి చూశాను. నల్లటి తెర లోపల, నీళ్ల అడుగున ఉన్నట్టు, మా వంటిల్లు లీలగా కనిపించింది. పొయ్యి, గంజు, తాడు మీద ఆరేసిన గుడ్డలు. బొమ్మ ఉంది. లేనిదల్లా దాని వెనక వెలుగు. మళ్లీ మరలన్నీ విప్పాను. పెద్ద పట్టీ పక్కనే దారమంత సన్నది ఇంకొకటి, వెలుగు మోసుకొచ్చేది, సందులో సరిగ్గా కూర్చోలేదు. కూర్చోబెట్టాను. "సాయంత్రానికి కూరలు తేవాలి, లేస్తావా లేదా" అని అత్త రెండుసార్లు పిలిచింది. నేను పలకలేదు. పిలుపుకి పలక్కుండా ఒక పని పూర్తిచేయడం మా ఇంట్లో అదే మొదటిసారి అనుకుంటాను. ఆకాశమేమీ విరిగి పడలేదు.

ఈసారి నొక్కగానే తెర వెలిగింది. నా మోకాళ్లు, తెల్లటి తుండు, మరలున్న గుడ్లపెట్టె, అన్నీ రంగులతో. మరలన్నీ బిగించాక గమనించాను, కింద కుడి మూలన గులాబీ రంగు చుక్క ఒకటి. మరకేమో అనుకుని తుడిచాను, పోలేదు. లోపల, గాజుకీ తెరకీ మధ్య, మంగళవారం నాటి రంగు కాగితపు ముక్క ఇరుక్కుంది. తీయాలంటే మళ్లీ విప్పాలి. దాన్ని చూస్తూ కాసేపు కూర్చున్నాను. చల్లిన వాటిలో నాకు దక్కింది ఇదొక్కటే, ఉండనీ అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే నల్లస్కర్టు వేసుకుని, జడలు గట్టిగా అల్లుకున్నాను. లింబర్ ఇంకా పడుకునే ఉన్నాడు. బంగాళాదుంపల బస్తా బల్ల పక్కన, కత్తి బల్ల మీద, మాంసం నీళ్ల తొట్టిలో ఉన్నాయి. దేన్నీ ముట్టుకోలేదు. నిజానికి గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాను, కనీసం దుంపల తొక్కైనా తీసిపెట్టి పోదామని. కత్తి చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. పెరట్లో ఎండకి కూర్చున్న అత్త నన్నూ, నా మెడలో కెమెరానీ చూసింది.

"పచ్చడి నూరావా?" అంది.

"లేదత్తా."

ఆవిడ నా వైపు చాలాసేపు చూసింది. తర్వాత మొహం ఎండ వైపు తిప్పుకుంది.

జెనోబియా వాళ్ల గదిలో కిటికీ లేదు. వెలుతురంతా వీధి తలుపులోంచే. ఆ తలుపుకి ఎదురుగా చిన్న కుర్చీ వేయించి పిల్లని కూర్చోబెట్టాను. ఎర్రగౌను, జడల నిండా రిబ్బన్లు. ముందు కెమెరా తన చేతికే ఇచ్చి, తెరలో వాళ్లమ్మని చూపించాను. "ఇక్కడ చుక్కుంది" అంది వేలు పెట్టి. అది నాది అన్నాను. ఇక బల్ల కింద దూరలేదు. పాపకి జ్ఞానతండ్రిగా నిలబడ్డ పెద్దాయన మొదటి పాయ కత్తిరించాడు, తర్వాత ఆయన భార్య, తర్వాత అమ్మమ్మ, మేనమామలు. కత్తెర జుట్టులో ఉండగా, అందరి మొహాలూ పైకి లేచి ఉండగా నొక్కాను. ప్రతివాళ్లూ వచ్చి తెరలో చూసుకుని, నా భుజం తట్టి వెళ్లారు. మధ్యలో గ్రోవెర్ వచ్చాడు, కళ్లు వాచిపోయి, చేతిలో ఫోన్‌తో. నన్ను చూడగానే మొహం మీంచి పెద్ద బరువు దిగిపోయింది. "బతికించావు వదినా" అని ఒక మూల కూర్చుని పులుసు అడిగాడు. వాడి అన్న కాపాడిన నా పరువు సంగతి వాడికి గుర్తున్నట్టు లేదు.

మధ్యాహ్నమైంది. జెనోబియా నాయనమ్మ, ఊరి నుంచి బస్సులు మారి వచ్చిన ముసలావిడ, వంతు కోసం పొద్దుట్నుంచీ ఓపిగ్గా కూర్చుంది. ఇప్పుడు వణికే చేత్తో కత్తెర అందుకుంది. పిల్ల తల వంచింది. ఇంతలో వీధిలో తెలిసిన హారన్ మోగింది. తెర మీద ఒక్కసారిగా చీకటి కమ్మింది.

లింబర్ గుమ్మంలో నిలబడ్డాడు. వెనక మినీబస్సు, దాని ముందు వాడిపోయిన పూలు ఇంకా వేలాడుతూ. గదిలో ఎవరి వైపూ చూడకుండా, గొంతు తగ్గించి, "జనమంతా వచ్చి కూర్చున్నారు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ గదిలోంచి బయటికి రానంటోంది. ఏంటి నీ ఉద్దేశం? ఎక్కడెక్కడ తిరుగుతావ్? పద" అన్నాడు.

గ్రోవెర్ చెంచా నోటి దగ్గరే ఆగింది. ముసలావిడ చేతిలో పాయ అలాగే ఉంది, కత్తెర నోరు తెరుచుకుని ఉంది. నేను తల ఎత్తలేదు. తెరలోనే చూశాను. నల్లటి ఆకారం నా ఫోటోకి అడ్డంగా, గుమ్మమంతా నిండి ఉంది. మూలన గులాబీ చుక్క ఒక్కటే వెలుగుతోంది. ఈ చీకట్లో పద్నాలుగేళ్లుగా ఫోటోలు తీస్తున్నానని, రాని ఫోటోకల్లా తప్పు కెమెరాది అనుకున్నానని అర్థమైంది.

"పనిలో ఉన్నా" అన్నాను. "కొంచెం పక్కకి జరుగు లింబర్, వెలుతురుకి అడ్డంగా ఉన్నావు."